పరిమిత సంఖ్యలో తయారైన స్పోర్ట్స్ కార్లు విలువ నిలుపుకుంటాయా?

టెక్సాస్_వాసి:

సభ్యులందరికీ నమస్కారం. నేను పోర్షే 911 ఎస్/టి కొనాలని ఆలోచిస్తున్నాను. 911 పుట్టిన 1963వ సంవత్సరానికి గుర్తుగా సరిగ్గా 1,963 కార్లే తయారు చేస్తామని సంస్థ 2023లో ప్రకటించింది. అమెరికాలో అప్పటి ధర సుమారు 2.9 లక్షల డాలర్లు. సంస్థ నుంచి కొత్త కారు కేటాయింపు నాకు దొరకలేదు. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ కార్ల డీలర్ ఒకరి దగ్గర తక్కువ మైళ్ళు తిరిగిన కారు ఒకటి ఉంది కానీ, అడుగుతున్నది 5 లక్షల డాలర్లు. సంఖ్యకు పరిమితి ఉంది కాబట్టి ధర ఎన్నటికీ పడిపోదని, ఈ డబ్బు బ్యాంకులో ఉన్నట్టేనని ఆయన అంటున్నారు.

ఇంట్లో వాళ్ళు మాత్రం ఈ డబ్బుతో శంకర్‌పల్లి వైపు స్థలం కొంటే పిల్లలకైనా మిగులుతుందని అంటున్నారు. నేను కారును నడపడానికే కొంటాను. అయితే అయిదారేళ్ళ తరువాత అమ్మవలసి వస్తే ఎంత వెనక్కి వస్తుందో తెలియకుండా ఇంత పెట్టడానికి ధైర్యం చాలడం లేదు. ఉన్న కార్ల సంఖ్య తక్కువ అన్న ఒక్క కారణం మీద కొత్త ధరకు ఇంత పైన చెల్లించవచ్చునా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

గణకుడు:

మీ ప్రశ్నకు అతి దగ్గరి ఉదాహరణ అదే సంస్థ చరిత్రలో ఉంది. 2016 మార్చిలో జెనీవా ప్రదర్శనలో పోర్షే 911 ఆర్ విడుదల చేసింది. చేసినవి 991 కార్లు. అమెరికా ధర 1,84,900 డాలర్లు. 911లో రేసు ట్రాక్‌కు దగ్గరి రకమైన జీటీ3ని ఆనాడు పీడీకే గేర్‌బాక్స్‌తో, అంటే క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్‌తో మాత్రమే అమ్మేవారు. క్లచ్ తొక్కి గేరు మార్చడంలోని ఆనందం పోయిందని బాధపడుతున్న అభిమానులకు 500 హార్స్‌పవర్ ఇంజన్‌ను ఆరు గేర్ల మాన్యువల్‌తో కలిపి, వెనుక పెద్ద రెక్క లేకుండా ఇచ్చిన కారు అది. కేటాయింపులో మొదటి అవకాశం పోర్షే అత్యంత ఖరీదైన కారు 918 స్పైడర్ యజమానులకు ఇచ్చారు. మిగిలినవారికి దొరకలేదు. కొన్ని నెలల్లోనే అమ్మకందారులు కొత్త ధరకు ఎన్నో రెట్లు అడగడం మొదలుపెట్టారు.

తరువాతి సంవత్సరం మార్చిలో వచ్చిన కొత్త జీటీ3లో మాన్యువల్ గేర్‌బాక్స్ కోరుకునే వీలు కల్పించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెక్క లేని టూరింగ్ ప్యాకేజ్ కూడా చూపించారు. దానికి సంఖ్యా పరిమితి లేదు. దాంతో 911 ఆర్ ధరలు దిగివచ్చాయి. లోకంలో ఉన్న 911 ఆర్ కార్లు అప్పుడూ 991, ఇప్పుడూ 991. ఆ కారు మాత్రమే ఇవ్వగలదనుకున్న అనుభవంలో చాలా భాగం మరొక కారులో మామూలు ధరకు దొరకడమే ఇక్కడ జరిగిన మార్పు.

కొత్త ధరకు కొన్నవారు ఈనాటికీ లాభంలోనే ఉన్నారని కూడా చెప్పాలి. నష్టపోయినది శిఖరం దగ్గర కొన్నవారు. కాబట్టి 1,963 అన్న అంకెను కాసేపు పక్కన పెట్టి, ఈ కారులో ఉన్నదాన్ని పోర్షే మళ్ళీ ఇంకొక పేరుతో చేయగలదా అని చూడమని నా సలహా. చేయగలిగితే, ఆ పరిమితి కారులో బిగించిన ఫలకం మీది అంకెకే తప్ప వస్తువుకు లేదన్నమాట.

పాతచక్రం:

గణకుడు గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, సంఖ్యను అంతగా తీసిపారేయడం సబబు కాదు. 1962 నుంచి 1964 వరకు తయారైన ఫెరారీ 250 జీటీఓ కార్లు 36. వాటిలో ఒకటి 2018లో మాంటెరేలో 4.84 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది. ఇవే కార్లు 360 ఉండి ఉంటే ఆ ధర పలికేదా?

అయితే ఈ కథలో జనం మరిచిపోయే అధ్యాయం ఒకటి ఉంది, టెక్సాస్ మిత్రుడు దాన్ని తప్పక తెలుసుకోవాలి. 1960ల నడుమ మీ రాష్ట్రంలోనే, విక్టోరియా అనే ఊళ్ళో, ఒక 250 జీటీఓను దాని యజమాని హైస్కూలుకు విరాళంగా ఇచ్చేశాడు. పిల్లలు మెకానిక్ పని నేర్చుకునే తరగతిలో అది కొన్నేళ్ళు ఉంది. 1972లో స్కూలువారు దాన్ని 6,500 డాలర్లకు అమ్మారు. ఆనాడు కూడా ప్రపంచంలో ఉన్నవి ఆ కొద్ది కార్లే! రేసుల్లో కాలం చెల్లిన బండిగా చూశారు గనుక ఎవరికీ అక్కరలేకపోయింది. వాటి మీద ప్రేమ పెంచుకున్న తరం చేతికి డబ్బు వచ్చాక ధరలు లేచాయి. కొరత మొదటి రోజు నుంచీ ఉంది. కోరిక రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఎదురు ఉదాహరణ ఎఫ్40. ఫెరారీ మొదట 400 చేస్తామని చెప్పి, గిరాకీ చూసి 1,300కు పైగా చేసింది. సంఖ్య మూడు రెట్లు దాటినా ఆ కారు గౌరవం తగ్గలేదు. సంస్థ వ్యవస్థాపకుడు ఎంజో ఫెరారీ జీవించి ఉండగా విడుదలైన చివరి ఫెరారీ అదే. అటువంటి ఇంజన్‌ను, అటువంటి వేగాన్ని, ఎలక్ట్రానిక్ సహాయమేదీ లేకుండా డ్రైవర్ చేతిలో పెట్టే కారు ఇక ఎవరూ చేయరు.

మిడ్‌లాండ్స్_మిత్రుడు:

ఇంగ్లండ్‌లో ఉంటున్నాను గనుక జాగ్వార్ ఎక్స్‌జే220 గురించి వ్రాయకుండా ఉండలేను. ఈ చర్చలో ఉన్న ప్రమాదాలన్నీ ఆ ఒక్క కారులో కనిపిస్తాయి.

1988 అక్టోబరులో బర్మింగ్‌హామ్ ప్రదర్శనలో చూపిన నమూనాకు పన్నెండు సిలిండర్ల ఇంజన్, నాలుగు చక్రాలకూ శక్తి, పైకి లేచే తలుపులు ఉన్నాయి. 1987 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలిన తరువాత డబ్బు పాత కార్ల వైపు, ముఖ్యంగా ఫెరారీల వైపు పరుగెత్తుతున్న రోజులవి. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ మరణించడంతో ఆ పరుగు ఇంకా పెరిగింది. అటువంటి వేడిలో జాగ్వార్ గరిష్ఠంగా 350 కార్లే అని ప్రకటించి, తలా 50,000 పౌండ్ల బయానా తీసుకుంది. బయానా కట్టినవారిలో కారు నడపాలనుకున్నవారు ఎందరో, బుకింగ్ కాగితాన్నే లాభానికి అమ్ముకుందామనుకున్నవారు ఎందరో ఊహించడం కష్టం కాదు.

1992లో కార్లు చేతికి రావడం మొదలయ్యేసరికి ఇంజన్ ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో అయింది. శక్తి వెనుక చక్రాలకే పరిమితమైంది. ద్రవ్యోల్బణంతో ముడిపెట్టిన ఒప్పందం వల్ల ధర 4.7 లక్షల పౌండ్లకు చేరింది. అప్పటికే మాంద్యం వచ్చి, 1989-90లో లేచిన ధరలన్నీ పడిపోయాయి. కొనుగోలుదారులు కొందరు ఒప్పందం నుంచి తప్పుకోవడానికి ప్రయత్నించగా, వ్యవహారం కోర్టుల దాకా వెళ్ళింది. చివరికి తయారైనవి 280 చిల్లర. అంటే ప్రకటించిన పరిమితి కూడా నిండలేదు. చివరి కార్లు ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా నిలిచిపోయాయి.

నా దృష్టిలో ఇది చాలా గొప్ప కారు. ఆ రోజుల్లో ప్రపంచంలో అత్యంత వేగవంతమైన కార్లలో ఒకటి. అయినా దాని గొప్పతనాన్ని మార్కెట్ గుర్తించడానికి పాతికేళ్ళు పట్టింది. ఈ మధ్య వేలాల్లో మంచి ఎక్స్‌జే220 ధర, 1992లో కొత్త కారుకు చెల్లించిన అంకె దగ్గరికి చేరుతోంది. ఈలోగా పౌండు కొనుగోలు శక్తి సగానికి పైగా తగ్గిపోయింది కాబట్టి, మొదటి యజమాని నిజమైన లెక్కలో ఇంకా నష్టంలోనే ఉన్నాడు.

ఒక అదనపు విషయం. బ్రిటన్‌లో సొంత వాడుక కార్ల మీద వచ్చిన లాభానికి మూలధన లాభాల పన్ను లేదు. ఇక్కడి సేకర్తల లెక్కను అమెరికాలో ఉన్నవారు అలాగే అన్వయించుకోకూడదు.

తుంగభద్ర:

లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ పేరు ఎవరూ ఎత్తలేదు. 500 కార్లు, 2010 చివర నుంచి 2012 చివర వరకు తయారీ, 3.75 లక్షల డాలర్ల ధర. ఒక లెక్సస్‌కు అంత ధరా అని ఆనాడు జనం వెనుకాడారు. ఉత్పత్తి ఆగిపోయిన అయిదేళ్ళకు, 2017లో కూడా, అమెరికా డీలర్ల దగ్గర అమ్ముడుపోని కొత్త కార్లు డజను దాకా ఉన్నాయి. ఈ రోజు అదే కారు కొత్త ధరకు చాలా పైన పలుకుతోంది. యమహా సహకారంతో తయారైన ఆ పది సిలిండర్ల ఇంజన్ మోతను మళ్ళీ ఎవరూ తీసుకురాలేదు.

మెక్‌లారెన్ ఎల్వా దీనికి పూర్తిగా భిన్నం. మొదట 399 అన్నారు, తరువాత 249కి, ఆ తరువాత 149కి తగ్గించారు. ముందు అద్దం కూడా లేని ఆ కారు సంఖ్యను గిరాకీ లేక కుదించారు. అటువంటి కారును అరుదైనది అనడానికి నాకు మనసొప్పడం లేదు. సంఖ్య ఎందుకు తక్కువైందో అడగకుండా, తక్కువ అన్నంత మాత్రాన విలువ కట్టడం ప్రమాదకరం.

పాతచక్రం:

తుంగభద్ర గారూ, గిరాకీ లేక తక్కువైనవన్నీ చెడ్డవి కావు. మెక్‌లారెన్ ఎఫ్1 కూడా 300 దాకా చేయాలని మొదలుపెట్టి, అమ్మకాలు మందగించి, రేసు కార్లతో కలిపి 106 దగ్గర ఆగిపోయింది. అందులో మామూలు రోడ్డు కార్లు 64. 2021లో పెబుల్ బీచ్ వేలంలో ఒకటి 2 కోట్ల డాలర్లకు పైగా పలికింది.

తుంగభద్ర:

నిజమే. ఎఫ్1 1995లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన ఉత్పత్తి కారుగా ఏళ్ళ తరబడి నిలిచింది. తరువాతి తరాలు మెచ్చుకోవడానికి అందులో సరుకు ఉంది. ఎల్వాకు అటువంటిది ఏముందో ఇంకా చూడాలి.

గణకుడు:

డీలర్ అన్న బ్యాంకు మాట గురించి ఇప్పుడు లెక్క చూద్దాం. పోర్షే కరేరా జీటీ 1,270 కార్లు, అమెరికా ధర సుమారు 4.4 లక్షల డాలర్లు. 2022 జనవరిలో దాదాపు నడపని 2005 కారు ఒకటి ఆన్‌లైన్ వేలంలో 20 లక్షల డాలర్లు పలికింది. వినడానికి ఎంతో గొప్పగా ఉంది. పదిహేడేళ్ళ మీద చక్రవడ్డీ కట్టి చూస్తే ఏటా 9 శాతం చిల్లర వస్తుంది. ఆ పదిహేడేళ్ళలో అమెరికా షేర్ మార్కెట్ సూచీ ఎస్ అండ్ పి 500 సుమారు 1,200 నుంచి 4,500 దాకా పెరిగింది. డివిడెండ్లను తిరిగి పెట్టి ఉంటే ఏటా 10 శాతం దగ్గర వచ్చేది. సూచీకి బీమా కట్టనక్కరలేదు, గ్యారేజీ అక్కరలేదు, టైర్లు మార్చనక్కరలేదు. పైగా ఆ 20 లక్షల ధర పలికినది నడపకుండా దాచిన కారు. అంటే కారు కొన్న ఆనందాన్ని పూర్తిగా వదులుకున్నవారికి వచ్చిన ఫలితం అది!

ఇంకొక సంగతి. వార్తల్లో వచ్చే పెద్ద వేలం సంస్థల రికార్డు ధరల్లో కొనుగోలుదారు సంస్థకు చెల్లించే రుసుము కలిసి ఉంటుంది. ఆ అంకె మొత్తం అమ్మినవారి చేతికి రాదు.

పాతచక్రం:

ఆ లెక్క మొదటి యజమానిది. కరేరా జీటీ కొత్తలో అమ్మకాలు అనుకున్నంత సాగలేదు, 1,500 అనుకున్నది ముందే ఆపేశారు. ఆ తరువాతి సంవత్సరాల్లో సెకండ్‌హ్యాండ్ ధర 3 లక్షల డాలర్ల దరిదాపుకు దిగింది. అప్పుడు కొన్నవారికి సూచీ కన్నా ఎంతో ఎక్కువే వచ్చింది. ఇటువంటి కార్లలో మొదట ఉత్సాహం, తరువాత పదేళ్ళ మందగమనం, మంచి కారైతే ఆ తరువాత పెరుగుదల, ఇదే నేను చూస్తూ వచ్చిన వరుస. టెక్సాస్ మిత్రుడు ఉత్సాహపు దశలో కొనబోతున్నాడు. నాకున్న ఒకే ఒక భయం అదే.

నెక్కర్_తీరం:

జర్మనీలో ఈ రకం కార్ల సర్వీసు రంగంలో పనిచేస్తున్నాను. ధరల గురించి మాట్లాడేవారు చాలామంది ఉంటారు గనుక, కారును కాపాడడానికి అయ్యే ఖర్చు గురించి నేను వ్రాస్తాను.

నడపకుండా ఉంచితే కారు చెడిపోదన్న నమ్మకం పూర్తిగా తప్పు. రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, ఇంధనం పాతబడుతుంది, బ్రేక్ ద్రవం తేమను పీల్చుకుంటుంది, టైర్లు గట్టిపడి పట్టు కోల్పోతాయి. ఎఫ్40లోనూ ఎక్స్‌జే220లోనూ ఇంధనం మామూలు ట్యాంకులో కాక రేసు కార్లలోలా రబ్బరు సంచిలో ఉంటుంది. ఆ సంచికి గడువు ఉంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగినా, అసలు తిరగకపోయినా, గడువు తీరితే మార్చవలసిందే. అది చిన్న పని కాదు. 2023లో పోర్షే సస్పెన్షన్ కీళ్ళలో లోపం వల్ల అమెరికాలోని కరేరా జీటీ యజమానులకు, మరమ్మతు అయ్యేవరకు కారు నడపవద్దని చెప్పింది. ఎప్పుడో ఆగిపోయిన కారుకు విడిభాగాలు మళ్ళీ తయారు చేయించగల సంస్థ వెనుక ఉంది గనుక ఆ యజమానులకు కష్టం గట్టెక్కింది. చిన్న సంస్థ అయి, అది మూతపడి ఉంటే ఆ కారు ధర ఏమయ్యేదో ఆలోచించండి. నా దృష్టిలో విడిభాగాల లభ్యత కూడా సేకరణ విలువలో ఒక భాగమే, దీన్ని కొనేముందు ఎవరూ అడగరు.

కాగితాలు రెండవది. అసలు ఇన్వాయిస్, ప్రతి సర్వీసు బిల్లు, ఫ్యాక్టరీలో వేసిన రంగు కోడ్, కారుతో వచ్చిన టూల్ కిట్, రెండు తాళాలు, కవరు, ఇవన్నీ ఉన్న కారుకూ లేని కారుకూ ధరలో కనిపించే తేడా చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

భాగ్యనగరి:

రేపు తిరిగి వచ్చేటప్పుడు ఈ కారును హైదరాబాద్ తీసుకురావాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోవడం మంచిది. మన దిగుమతి విధానం ప్రకారం సెకండ్‌హ్యాండ్ కారు మూడేళ్ళ లోపుదై ఉండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. మీ టెక్సాస్ కారుకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. 2025లో సడలింపు వచ్చింది కానీ, అది యాభై ఏళ్ళు దాటిన పాత వాహనాలకు. అటువంటివాటికి 2021 నుంచి మన దగ్గర 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. కాబట్టి మీ కారుకు కొనుగోలుదారు దొరికేది అమెరికాలోనే, అక్కడి గిరాకీ మీదే ఆధారపడాలి.

శంకర్‌పల్లి స్థలం సంగతి వేరే శీర్షికలో చర్చించుకుందాం. కానీ ఒక్క తేడా చెబుతాను: స్థలం మీద మీరు ప్రేమ పెంచుకోనక్కరలేదు. కారు మీద ఆ ప్రేమ లేకపోతే, ఈ ఖర్చుల జాబితా చూశాక, కొనడానికి కారణమే కనబడదు.

టెక్సాస్_వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని కోణాలు ఉంటాయని అనుకోలేదు. మా రాష్ట్రంలో వాహన కొనుగోలు పన్ను 6.25 శాతం. 5 లక్షలకు కొంటే 31,250 డాలర్లు ఆ రోజే పోతాయి. తరువాత లాభం వస్తే పన్ను కట్టాలి. నష్టం వస్తే, సొంత వాడుకకు కొన్న వస్తువు గనుక దాన్ని ఆదాయంలోంచి తగ్గించుకునే వీలు లేదు. ఈ రెండూ కలిపి చూసుకుంటే, కారు ధర ఉన్నచోటే నిలిచినా నేను నష్టంలోనే ఉంటాను.

ఇప్పుడు నా సందేహం గణకుడు గారు వేసిన ప్రశ్న గురించే. 911 ఆర్‌కు టూరింగ్ వచ్చినట్టు, ఎస్/టికి కూడా పోటీ ఇంట్లోనే పుట్టిందా? ఇప్పటి జీటీ3 టూరింగ్‌తో పోలిస్తే ఎస్/టిలో మిగిలిన ప్రత్యేకత ఎంత?

నెక్కర్_తీరం:

సగం పుట్టిందని చెప్పవచ్చు. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త జీటీ3 టూరింగ్‌లో గేరింగ్ పొట్టి చేశారు, అంటే ప్రతి గేరులో ఇంజన్ వేగం త్వరగా పుంజుకుంటుంది. తేలికపాటి ప్యాకేజ్ తీసుకుంటే మెగ్నీషియం చక్రాలు, కార్బన్ పైకప్పు, ఎస్/టి నుంచి తెచ్చిన పొట్టి గేరు కడ్డీ కూడా వస్తాయి. రోడ్డు మీద మామూలు డ్రైవరు ఆస్వాదించే చాలా విషయాలు అందులో ఉన్నాయి.

మిగిలినవి ఇవి. ఎస్/టిలో ట్రాక్ కోసం చేసిన జీటీ3 ఆర్ఎస్ నుంచి తెచ్చిన 525 హార్స్‌పవర్ ఇంజన్‌ను మాన్యువల్‌తో జోడించారు. ఈ తరం ఆర్ఎస్‌ను మాన్యువల్‌తో అమ్మలేదు. క్లచ్, ఫ్లైవీల్ ప్రత్యేకంగా తేలిక చేశారు కాబట్టి యాక్సిలరేటర్ తాకగానే ఇంజన్ లేచే తీరు వేరుగా ఉంటుంది. తలుపులు, ముందు ఫెండర్లు కార్బన్‌వి, వెనుక చక్రాల స్టీరింగ్ తీసేశారు, బరువు 1,380 కిలోలు. ఈ కూర్పును ఇక ముందు మళ్ళీ చేయడం సంస్థకు అసాధ్యమేమీ కాదు. అయితే కాలుష్య నియమాలు బిగుస్తున్నకొద్దీ, నిమిషానికి 9,000 సార్లు తిరిగే టర్బో లేని ఇంజన్‌తో అది చేయడం ఏటికేడు కష్టమవుతోంది. నేను నమ్మేది ఆ ఇంజన్‌ను, 1,963 అన్న అంకెను కాదు.

గణకుడు:

ఆ లెక్కన నా అభిప్రాయం ఇది: కొత్త ధరకు దొరికితే రెండో ఆలోచన లేకుండా కొనవలసిన కారు. 5 లక్షలకైతే, పైన చెల్లిస్తున్న 2.1 లక్షలూ తిరిగి రాకపోవచ్చునని ముందే మనసులో అనుకొని, అయినా నెలకు రెండుసార్లు కొండదారుల్లో నడిపితే చాలు అనిపించినప్పుడే ముందుకు వెళ్ళండి. అది కాక జీటీ3 టూరింగ్ కేటాయింపు కోసం మీ షోరూంలో పేరు నమోదు చేయించుకుని ఆగడం కూడా తెలివైన పనే.

టెక్సాస్_వాసి:

డీలర్‌కు ఈ వారం 4.3 లక్షలు మాత్రమే ఇవ్వగలనని చెబుతాను. ఒప్పుకోకపోతే టూరింగ్ వరుసలో నిలబడతాను. ఒప్పుకుంటే తనిఖీలో ఏమేమి చూడాలో నెక్కర్_తీరం గారు చెప్పగలరా?

నెక్కర్_తీరం:

అమ్మకందారుతో సంబంధం లేని పోర్షే నిపుణుడి చేత చూపించండి. మొదట ఇంజన్ కంప్యూటర్ నుంచి ఓవర్‌రెవ్ నివేదిక తీయించాలి. మాన్యువల్ కారులో పై గేరు బదులు పొరపాటున కింది గేరు పడితే ఇంజన్ హద్దు దాటి తిరుగుతుంది, అది ఆ నివేదికలో శ్రేణుల వారీగా నమోదవుతుంది. పై శ్రేణుల్లో నమోదులు ఉంటే, అవి ఎన్ని ఇంజన్ గంటల దగ్గర జరిగాయో చూసి ఆ తరువాతే ధర మాట్లాడాలి. కార్బన్ తలుపుల మీద మామూలు రంగు మందం మీటరు పనిచేయదు. దానికి అల్ట్రాసౌండ్ మీటరు ఉన్నవారినే పిలవండి. అమెరికాలో మొదటి యజమానులకు ఈ కారును ఒక ఏడాది లీజు మీదే ఇచ్చారు. ఆ లీజు పూర్తిగా ముగిసి, టైటిల్ (యాజమాన్య) కాగితం సక్రమంగా చేతులు మారిందని రుజువు చూపేవరకు బయానా కూడా ఇవ్వకండి.